అటక మీది 2010, ఫ్రిజ్‌లోది 2010: చిత్తూర్లో ఆరు పాత రెడ్ వైన్లు తాగి చూసినాక

కనుమ రోజు రాత్రి చిత్తూరు పక్కన మా బావ వాళ్ళ మామిడి తోటలో ఆరుగురం కూర్చోని ఆరు పాత రెడ్ వైన్ బాటిళ్ళు తెరిచినాం. వాటిల్లో రెండు బాటిళ్ళు ఒకే వైన్, ఒకే ఏడాది పంట, ఒకే అంగట్లో ఒకే రోజు కొన్నవి. ఒకటి ఏడేళ్ళు బెంగళూర్లో మా ఫ్రెండ్ ఇంట్లో 14 డిగ్రీల వైన్ ఫ్రిజ్‌లో పడుకోని ఉండింది, ఇంకోటి అదే ఏడేళ్ళు చిత్తూర్లో మా బావ ఇంటి అటక మీద, ఇత్తడి గంగాళం పక్కన నిలబడి ఉండింది. ఈ రివ్యూ నిజానికి ఆ రెండిటి గురించే, మిగతా నాలుగూ తోడుపెళ్ళికొడుకులు అనుకోండి.

ముందే చెప్తా ఉండా, నేను వైన్ ఎక్స్‌పర్ట్‌ని కాదు. మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే పని నాది. సీజన్ వచ్చిందంటే పొద్దున్నించి రాత్రి దాకా తోతాపురి పల్ప్ ఒక చుక్క రిఫ్రాక్టోమీటర్ మీద వేసి బ్రిక్స్ (తీపి కొలత) 14 వచ్చిందా లేదా చూడడం, పులుపు ఎంత, రంగు ఎట్లుంది, నోట్లో వేసుకుంటే మాడు వాసన ఏమన్నా కొడతాందా అని చూసి ఊసేయడం, ఇదే బతుకు. అందుకే వైన్ టేస్టింగ్ అంటే గ్లాసు తిప్పి ముక్కు పెట్టి పెద్ద పెద్ద మాటలు చెప్పే డబ్బున్నోళ్ళ యవ్వారం అనుకునేవాణ్ణి గానీ, మొదటిసారి కూర్చున్నప్పుడు అనిపించింది, ఇది మా ల్యాబ్ పనే కదప్పా, రొంత మంచి బట్టలు వేసుకోని చేస్తారు అంతే అని.

జనం ఎవరంటే, మా బావ, బెంగళూరు నుంచి పండక్కి వచ్చిన ఫ్రెండు (వాడే ఫ్రిజ్ ఓనరు), వేలూర్లో పనిచేసే డాక్టరు ఒకాయన, తిరుపతిలో కాలేజీ లెక్చరర్ ఒకడు, బ్యాంకులో రిటైరైన మా పెద్దమామ, నేను. లెక్చరర్ శబరిమల పోయొచ్చి మాల తీసి అప్పటికి ఒక్క రోజు కూడా సరిగ్గా కాలేదు, అడిగితే "నలభై ఒక్క రోజులు ఉన్నాను కదరా, ఇంగేం" అన్నాడు. అసలు ముందు తిరుపతిలో వాళ్ళింట్లోనే పెట్టుకుందామనుకున్నాం, వాడే వద్దన్నాడు, కొండ కింద ఊళ్ళో, అదీ పండగ పూట ఏం బాగుంటుంది, తోటకే వస్తాలే అని.

బాటిళ్ళన్నీ ఒక్కసారి కొన్నవి కావు. ఫారిన్ నుంచి వచ్చేటప్పుడు మనిషికి 2 లీటర్ల మందే వదుల్తారు కస్టమ్స్‌లో, అంటే 750 మిల్లీ బాటిళ్ళు లెక్కకి రెండు. దిగుమతి సరుకు ఇక్కడే కొందామంటే శానా ఏళ్ళు సుంకమే 150 శాతం, దాని మీద రాష్ట్రం పన్ను వేరే. అందుకని ఎవరు ఎప్పుడు పోతే వాళ్ళు రెండేసి తెచ్చి దాచిపెట్టినవి. మొదట చెప్పిన ఆ ఒకే వైన్ బాటిళ్ళు రెండూ స్పెయిన్‌వి, బావా, బెంగళూరోడూ కలిసి టూర్ పోయినప్పుడు కొని తలా ఒకటి తీసుకున్నారు. వాడు ఫ్రిజ్ కొన్నాడు, మా బావకి అటక ఉంది.

గుడ్డిగా తాగాల అని ముందే ఒప్పందం, అంటే లేబుల్ చూడకుండా. మా అక్క బాటిళ్ళన్నిటికీ న్యూస్‌పేపర్ చుట్టి రబ్బర్ బ్యాండ్లు వేసి స్కెచ్ పెన్నుతో ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు రాసింది. ఏది ఏ నంబరో ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు, ఆమె ఒక చుక్క ముట్టదు కాబట్టి లంచం పెట్టడానికీ కుదర్లేదు. అక్కని ఒక రోజు ముందే బాటిళ్ళు నిలబెట్టమని చెప్పినాం. పాత రెడ్ వైన్లో రంగూ వగరూ ఏళ్ళ తరబడి ఒకదానికొకటి అతుక్కోని బరువెక్కి మడ్డిగా దిగుతాయి, పడుకోబెట్టిన బాటిల్ అట్లే తీసుకొచ్చి వంచితే ఆ మడ్డంతా గ్లాసులోకే వస్తుంది. వంచేటప్పుడు బాటిల్ మెడ కింద ఫోన్ టార్చి పెట్టి, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయాల. దొరలు కొవ్వొత్తి పెడతారంట, మాకు టార్చి చాలు. డికాంటర్ (వైన్ వంచి పెట్టే గాజు కూజా) లేదు, మజ్జిగ జగ్గు ఉండాది.

ఈడ ఒక ఓపెనర్ గురించి చెప్పాల. ఆన్‌లైన్‌లో నాలుగొందలు పెట్టి కొన్నది, బ్రాండు పేరు ఎందుకులే. స్క్రూ పొట్టిది, పాత కార్కు నానిపోయి మెత్తగా ఉంటుంది కదా, సగం పైకొచ్చి సగం లోపలే నిల్చిపోయింది. రెండో సగం తీయబోతే పొడి పొడి అయి వైన్లో పడింది, చివరికి టీ వడకట్టే జాలీ మీద పల్చటి గుడ్డ వేసి వడగట్టినాం. పదేళ్ళు దాటిన బాటిల్ తెరవాలంటే పొడుగు స్క్రూ ఉన్నదన్నా కొనండి, లేదంటే రెండు పల్చటి రేకులు కార్కుకి రెండు పక్కలా దూర్చి తిప్పుతా లాగే రకం ఒకటి ఉంటుంది, అదన్నా కొనండి. ఈ నాలుగొందల సరుకు వద్దు.

ఒక్కొక్కరికి ఒక్కో దాంట్లో 60 మిల్లీ. నడిమధ్యలో నోరు కడుక్కోవడానికి నీళ్ళూ, ఉప్పూ కారం ఏమీ లేని ఉత్త బొరుగులూ. ఊసుకోవడానికి ఒక స్టీలు బకెట్ పెడితే మా పెద్దమామ దాన్ని చూసి "ఊసేదానికా నాయనా ఇంత డబ్బు పోసి తెచ్చింది" అని ఆ బకెట్ ఆయన ముందు నుంచి జరిపించినాడు, పొద్దు పోయేదాకా ఒక్కసారి కూడా వాడలేదు. జనవరి రాత్రి కాబట్టి చలి బాగానే ఉండింది, రెడ్ వైన్‌కి కావాల్సిన 16-18 డిగ్రీలు మాకు ఊరికే దొరికినాయి. రూమ్ టెంపరేచర్‌లో తాగాల అని రాస్తారే, అది వాళ్ళ చలి దేశాల రూమ్ అబ్బా, మే నెల్లో చిత్తూరు రూమ్ కాదు. ఎండాకాలంలో ఐతే అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, ఎవరేమనుకుంటే మీకేం.

ఒకటో నంబరు నల్లగా, చిక్కగా, నేరేడు పళ్ళు చేత్తో నలిపినట్టు. రెండో గుక్కలో మిరియాల ఘాటు. ఇది షిరాజ్ రా అని బెంగళూరోడు వెంటనే పట్టేసినాడు. షిరాజ్ అనే ద్రాక్ష రకంలో మిరియం వాసన ఊరికే అనే మాట కాదు, రోటుండోన్ అనే పదార్థం వల్ల వస్తుంది, నల్ల మిరియాల్లో ఉండేదీ అదే పదార్థం. ఆస్ట్రేలియా బరోసా వ్యాలీది, 2012, కార్కు కాదు తిప్పుడు మూత. బలంగా ఉంది, బాగుంది, రెండు గ్లాసుల తర్వాత మాత్రం రొంత విసుగు, పెళ్ళి భోజనంలో మూడో స్వీటు మాదిరి.

రెండోది చూడ్డానికి పల్చగా ఉంది, గ్లాసు వెనకాల పేపర్ పెడితే అక్షరాలు చదివేయొచ్చు. ఇది తేలిగ్గా ఉంటుందిలే అని నోట్లో పోసుకుంటే పచ్చి అరటికాయ కొరికినట్టు పళ్ళ చిగుళ్ళు పట్టేసినాయి! వాసన చూస్తే ఎండిన రోజా రేకులు, వెనకాల కొత్తగా వేసిన తారు రోడ్డు. డాక్టర్ గారు "ఇది బరోలోనే సార్, పందెం" అన్నాడు, గెలిచినాడు కూడా. ఇటలీది, నెబ్బియోలో ద్రాక్ష, 2013. వాళ్ళ రూలు ప్రకారం అమ్మకానికి వదిలేముందే కనీసం 38 నెలలు మాగబెట్టాల, అందులో 18 నెలలు చెక్క పీపాలో. అయినా ఇంకా వగరు తగ్గలా. జగ్గులో పోసి రెండు గంటలు గాలికి వదిలి మళ్ళా తాగితే అప్పుడు దారికొచ్చింది. ఇది తెరిచింది తొందరపాటు, ఇంకో ఐదారేళ్ళు ఆగుండాల్సింది అని నా అభిప్రాయం.

ఈ వగరు గురించి ఒక మాట. దీన్నే టానిన్ అంటారు, ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వస్తుంది, ఓక్ పీపాలోంచి కూడా రొంత. తోలు పదును చేయడానికి తంగేడు చెక్క వాడేవాళ్ళు చూడండి, అందులో పనిచేసేదీ ఈ టానినే, తోల్లోని ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. మన నోట్లో ఎంగిలిలో కూడా ప్రోటీన్లు ఉంటాయి కాబట్టి వాటిని పట్టేసి నోరు పిడచకట్టిస్తుంది. పాత వైన్లో తోలు వాసన వస్తుంది అని పుస్తకాల్లో రాస్తే నవ్వేవాణ్ణి, తోళ్ళ ఫ్యాక్టరీలుండే రాణీపేట మీద బస్సులో పోయేటోళ్ళకి ఆ వాసన కొత్తా ఏందని. ఇది ఆ పచ్చి తోళ్ళ కంపు కాదులెండి, కొత్త చెప్పుల డబ్బా మూత తీస్తే వచ్చేది.

మూడోది మీద అందరం మోసపోయినాం. నేనూ లెక్చరరూ ఇద్దరం ఫ్రాన్స్ అని రాసినాం, తీరా చూస్తే పేపర్ లోపల నంది కొండల పక్కది! గ్రోవర్ వాళ్ళ లా రిజర్వ్, కాబర్నే సావిన్యాన్, షిరాజ్ ద్రాక్షలు కలిపింది, 2015. దొడ్డబళ్ళాపురం దగ్గర 1988లో మొదలుపెట్టిన తోటలు వాళ్ళవి. బెంగళూర్లో కొన్నప్పుడు పదైదొందలు కూడా కాలేదంట. నల్ల పండు రుచి తగ్గి, చుట్ట పొగాకు వాసన, పాత చెక్క బీరువా తీస్తే వచ్చే వాసన మొదలైనాయి, వగరు మెత్తబడింది. ఇంకో రెండేళ్ళకి మించి ఆపకూడదు అనిపించింది గానీ ఈ రోజుకి మాత్రం నిండా బాగుంది.

ఇట్లా మోసపోవడం మాకే కాదు, పెద్ద పెద్దోళ్ళకే తప్పలేదు. 1976 మే 24న ప్యారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషాయన ఫ్రాన్స్ నిపుణులనే కూర్చోబెట్టి ఫ్రాన్స్ వైన్లూ కాలిఫోర్నియా వైన్లూ కలిపి లేబుల్ లేకుండా పోయించినాడు. రెడ్‌లో కాలిఫోర్నియా స్టాగ్స్ లీప్ 1973 ఫస్ట్ వచ్చింది. ఫ్రాన్స్ వాళ్ళు ఊరుకుంటారా, మావి మాగే కొద్దీ బాగుంటాయి, మీవి అప్పటికి చచ్చిపోతాయి అన్నారు. సరే అని 30 ఏళ్ళ తర్వాత 2006లో అవే పాత రెడ్లు మళ్ళా పెట్టినారు, ఈసారి మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియావే, రిడ్జ్ మాంటె బెల్లో 1971 మొదటిది. లెక్చరర్ ఇది చెప్తా ఉంటే మా పెద్దమామ "అందుకే నేను లేబుల్ చూసే తాగుతా, మోసపోయే పనే లేదు" అన్నాడు. ఏం చెప్తాం ఆయనకి.

నాలుగోది. ఇటికరాయి రంగు, అంచుల్లో రొంత ఆరెంజి. ముక్కు పెట్టగానే ఎండు కొబ్బరి, ఎండు అంజీర్, వక్కపొడి డబ్బా. నోట్లో పట్టుగుడ్డ జారినట్టు జారిపోయింది, మింగినాక కూడా నిమిషం సేపు అట్లే నిలబడింది. ఆరుగురూ కాసేపు గమ్మునుండిపోయినాం, ఆ మంద గమ్మునుండడం అంటే మామూలు సంగతి కాదు.

ఐదోది. చూడగానే మా బావ మొహం మాడిపోయింది, వాడికి అప్పటికే అర్థమైనట్టుంది. పాత చింతపండు నానేసిన నీళ్ళ రంగు. బెల్లం పాకం అడుగంటినప్పటి వాసన, ఉడకబెట్టిన ఖర్జూరం, వెనకాల రొంత కాడి (మా ఊర్లో వెనిగర్‌ని కాడి అనే అంటాం). నోట్లో పండే లేదు, ఉత్త పులుపూ, చివర చేదు. మా ఫ్యాక్టరీలో ఇట్లాంటి శాంపిల్ వస్తే ఒక్క మాట కూడా అడక్కుండా రిజెక్ట్ రాస్తా.

పేపర్లు చింపినాం. నాలుగూ ఐదూ ఒకే వైన్. స్పెయిన్‌లో రియోహా ప్రాంతపు గ్రాన్ రిజర్వా, 2010, ఎక్కువ భాగం టెంప్రనీయో ద్రాక్ష. ఆ కొబ్బరి వాసన కూడా ఊరికే రాలేదు, రియోహాలో పాత పద్ధతి వాళ్ళు అమెరికా ఓక్ పీపాలు వాడతారు, ఆ చెక్కలోంచి వచ్చేది అది. గ్రాన్ రిజర్వా అంటే తయారు చేసినోళ్ళ దగ్గరే కనీసం ఐదేళ్ళు మాగి బయటికి వస్తుంది, అందులో రెండేళ్ళు పీపాలో. పైగా 2010 రియోహాకి గొప్ప ఏడాది. అంటే రెండు బాటిళ్ళూ ఒకే బడిలో ఒకే క్లాసులో చదివి బయటికొచ్చిన కవల పిల్లలు, ఒకణ్ణి బెంగళూరు పంపించినాం, ఒకణ్ణి అటక ఎక్కించినాం.

మా ల్యాబ్‌లో ఒక కొండగుర్తు ఉంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపు అవుతుంది అని. పల్ప్ డ్రమ్ములు ఎండాకాలం రేకుల షెడ్డులో వదిలేస్తే పసుపు పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది చూడండి, అదే కత. ఫ్రిజ్‌లో 14, అటక మీద సగటున 34 వేసుకున్నా తేడా 20, అంటే రెండు రెట్లు రెండుసార్లు, నాలుగింతలు. మోటు లెక్కే అనుకోండి, కానీ ఆ లెక్కన అటక మీది బాటిల్‌కి ఏడేళ్ళు కాదు, ఇరవై ఎనిమిదేళ్ళు నిండినాయి. అదీ మంచి ముసలితనం కాదు, వేడి ఎక్కువైతే ఒక్కో చర్య ఒక్కో వేగంతో పరిగెత్తుతుంది, మాగడం బదులు ఉడుకుతుంది. దానికి తోడు పగలు వేడికి లోపల ద్రవం ఉబ్బి కార్కుని తోసి, రాత్రి చల్లారి గాలి పీల్చుకోని, ఏడేళ్ళు ఇదే పని. కార్కు చూస్తే పక్కన పైదాకా ఎర్ర చార ఉంది, ఒక మిల్లీమీటరు బయటికి పొడుచుకోని కూడా ఉంది. మీ ఇంట్లో పాత బాటిల్ ఉంటే రేకు తీసి ముందు ఈ రెండూ చూడండి.

మా బావ వాదన ఏందంటే, "పాతదయ్యే కొద్దీ బాగుంటుంది అన్నారు కదరా, నేను పాత చేసినాను." పాపం ఆ మాటలో తప్పేం లేదు, మనకి చింతపండైనా బియ్యమైనా పాతవంటేనే గౌరవం, అటక మీద పెట్టి మర్చిపోతే అవే బాగుపడతాయి. వైన్ అట్లా కాదు, దాన్ని మర్చిపోవాలంటే కూడా కరెంటు బిల్లు కట్టాల.

ఆరోది ఫ్రాన్స్‌లో బోర్డో, ఓ-మెడాక్ వైపుది, 2009. పేరున్న షాతో (అంటే వైన్ తోట) ఏం కాదు. ఆ పొడైపోయిన కార్కు దీనిదే. బాగుంది, పద్ధతిగా ఉంది, ఇస్త్రీ చొక్కా వేసుకున్న వైన్. నాలుగో దాని తర్వాత తాగినాం కాబట్టి న్యాయం జరగలేదేమో.

ఇరవైకి మార్కులు వేసి ఆరుగురివీ కూడితే నూట ఇరవైకి నాలుగో నంబరుకి 103, బోర్డోకి 92, నంది కొండకి 90, బరోలోకి 86, బరోసాకి 85. అటక మీది దానికి 49, అందులో 17 మా పెద్దమామ ఒక్కడే వేసినాడు! అడిగితే "మిగతావన్నీ వగరు నాయనా, ఇదొక్కటే టానిక్ మాదిరి గొంతు దిగింది" అన్నాడు. బ్యాంకులో ఆయన లోన్లు ఎట్లా ఇచ్చినాడో అని డాక్టర్ గారు మెల్లిగా నా చెవిలో అన్నాడు.

తిండి సంగతి కూడా చెప్పేస్తా, ఎందుకంటే ఇదే శానామంది అడుగుతారు. సంగటి, నాటుకోడి పులుసు, పొట్టేలు మాంసం మిరియాల వేపుడు, ఉడకబెట్టిన చెనిక్కాయలు. నాటుకోడి పులుసుతో బరోలో తాగకండి, చెప్తా ఉండా, కారం మీద వగరూ ఆల్కహాలూ పడితే నోట్లో మంట రెట్టింపు, లెక్చరర్‌కి కళ్ళల్లో నీళ్ళొచ్చి పెరుగు అడిగినాడు. పొట్టేలు వేపుడూ రియోహా మాత్రం మొగుడూ పెళ్ళాం మాదిరి కుదిరినాయి, మాంసంలోని కొవ్వూ ప్రోటీనూ వైన్లో ఉన్న వగరుని లాగేసుకుంటాయి, కారం తక్కువ మిరియం ఎక్కువ ఉండేట్టు అక్క చేసింది కాబట్టి సరిపోయింది. చెనిక్కాయలూ నంది కొండ వైనూ ఇంకో మంచి జత, ఖర్చు కూడా తక్కువ.

ఒక చిన్న సంగతి మర్చిపోతాండా, నాలుగో నంబరు తెరిచిన గంటకి అద్భుతంగా ఉండింది, రెండున్నర గంటలకి వాసన సగం పోయింది. బరోలోకి అదే గాలి మందు, దీనికి అదే గాలి విషం. పదిహేనేళ్ళ వైన్‌ని జగ్గులో గంటలు గంటలు పెట్టకండి, మడ్డి వదిలించి వెంటనే పోసుకోండి.

కొనేవాళ్ళకి నా మాట, ఫ్రిజ్ లేకుంటే పాత వైన్ కొని దాచే పని పెట్టుకోవద్దు, రియోహా గ్రాన్ రిజర్వా కొనుక్కోండి, మాగబెట్టే పని వాళ్ళే చేసి ఇస్తారు, తెచ్చిన నెలలోపల తాగేయండి. బావా వాళ్ళు కొన్నప్పుడు 30 యూరోలు దాటలేదు, ఆ మాత్రానికి ఇంత పాతది బోర్డోలో దొరకడం కష్టం.

రాత్రి ఎవరూ బండి తీయలేదు, అందరం తోటలోనే పడుకున్నాం. పొద్దున్నే మా అక్క ఫోన్, భోగికి అటక సర్దినప్పుడు పాత చీరలో చుట్టిన బాటిల్ ఇంకోటి కనబడి పక్కన పెట్టిందంట, పండగ పనుల్లో చెప్పడం మర్చిపోయిందంట. ఫోటో పంపించింది. చీర మీద అరచేయంత ఎర్ర మరక. మా బావ ఫోన్ చూసి గమ్మున జేబులో పెట్టుకున్నాడు, పెద్దమామ మాత్రం "అది నాకియ్యండ్రా" అంటాండాడు.